గదియు ధ్వనియు

పూర్వపు కరీంనగరు జిల్లాకు చెందిన హుస్నాబాద్ పట్టణమున ఒక కుటుంబము పెంకుటిల్లు విడిచి క్రొత్త డాబా ఇంటిలో ప్రవేశించెనని తలంతము. పాత ఇంటిలో తాతగారు ప్రతి సాయంకాలము స్పీకరు కడ కూర్చుండి వార్తలను పొల్లుపోకుండ వినుచుండెడివారు. అదే స్పీకరును క్రొత్త ఇంటి ముందుగదిలో పెట్టగా ధ్వని పెద్దదాయెను గాని మాటలు ఒకదానితో నొకటి కలిసిపోయెను. తన చెవులు చెడినవని తాతగారును, స్పీకరు చెడినదని మనుమడును తలంచిరి. మనుమడు ధ్వనిని మరింత పెంచెను, ఫలము లేకపోయెను. తాతగారు క్రమముగా ఆ గదికి వచ్చుటయే మానిరి. నిజమునకు చెవులును స్పీకరును మునుపటివే. మారినది గది!

స్పీకరునుండి వెలువడిన ధ్వని నేరుగా చెవిని చేరుటయే గాక, గోడలకును కప్పునకును నేలకును తగిలి మరలివచ్చును. 20 డిగ్రీల వేడిమి గల గాలిలో ధ్వని సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును. అనగా 4 మీటర్ల గదిని ఒక్క సెకండులో ఎనుబదికి పైగా పర్యాయములు దాటగలదు. నునుపైన సిమెంటు గోడలు, స్లాబు, రాతి నేల తమకు తగిలిన ధ్వనిలో అత్యల్ప భాగమునే గ్రహించి తక్కినదానిని త్రిప్పి పంపును. అందుచే వెనుకటి మాట అణగకముందే క్రొత్త మాట దానిపై వచ్చి పడును. దీనినే ప్రతినాదమందురు. పాత ఇంటిలో పెంకుల సందులగుండ కొంత ధ్వని వెలికి పోయెడిది. మంచములపై బొంతలు కొంత పీల్చుకొనెడివి. వయసు మీరినవారికి ప్రతినాదమునుండి మాటను వేరుపరచుకొనుట మిక్కిలి కష్టము. ధ్వనిని పెంచిన ప్రతినాదమును దానితోపాటు పెరుగును గావున ప్రయోజనము లేదు.

ఈ రహస్యమును శోధించినవాడు అమెరికా దేశీయుడగు వాలెస్ సాబిన్. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక ఉపన్యాసశాలలో పలికిన మాట సుమారు 5.5 సెకండ్లు మ్రోగుచుండుటచే శ్రోతలకు ఏమియు బోధపడకుండెను. 1895లో అతడు ఆ పనికి పూనుకొని, రాత్రివేళల వేరొక శాలనుండి మెత్తలు తెప్పించి, పరచినకొలది ధ్వని ఎంత త్వరగా అణగునో కొలిచెను. గది ఘనపరిమాణమును బట్టియు, అందలి వస్తువులు ధ్వనిని గ్రహించు శక్తిని బట్టియు ప్రతినాదకాలము ఏర్పడునని నిరూపించెను.

మరలివచ్చు ధ్వని ఎల్లప్పుడును కీడే చేయునని తలపరాదు. గోలకొండ కోటద్వారపు గుమ్మటము క్రింద కొట్టిన చప్పట్లు ఎగువనున్న బాలాహిస్సారున వినబడును.

మనుమడు క్రొత్త స్పీకరు కొననక్కర లేదు. కిటికీలకు దళసరి తెరలు కట్టి, నేలపై జంపఖానా పరచి, ఎదుటి గోడకు ఒక బొంతను వ్రేలాడదీసిన చాలును. గది మూలయందు మంద్రధ్వనులు అతిగా బలపడి మాటలను కప్పివేయును గావున, స్పీకరును మూలనుండి తొలగించి తాతగారి కుర్చీకి చేరువగా ఉంచవలెను. అంతట తాతగారు మరల తమ చోటికి వచ్చి కూర్చుందురు.

లోపము వస్తువునందో మనుష్యునియందో కలదని తీర్పు చెప్పుటకు ముందు పరిసరములను పరీక్షించుట వివేకుల లక్షణము.