ఆకాశమునుండి సముద్రమట్టపు కొలత

తీరగ్రామములందు కరకట్టలు, మురుగుకాలువలు గూర్చి తీర్మానము చేయునపుడు పంచాయతీ సభ్యులు ఒక ప్రశ్నను ఆలోచింపవలసియుండును. సముద్రము పెరుగుచున్నదా? లేక మన నేలయే క్రుంగుచున్నదా? ఒడ్డున పాతిన కొలబద్ద ఒక్కటే దీనికి సమాధానము చెప్పజాలదు. నేల క్రుంగినచో కొలబద్దయు దానితో క్రుంగును. అప్పుడును నీరు పెరిగినట్లే కనబడును.

ఈ చిక్కును తీర్చుటకు శాస్త్రజ్ఞులు సముద్రమును ఆకాశమునుండి కొలుచుచున్నారు. పద్ధతి మనకు క్రొత్తది కాదు. బావి ఒరపై నిలిచి నీటివరకు త్రాడు విడిచెదము. ఒర ఎత్తునుండి త్రాటి పొడవు తీసివేసినచో నీటిమట్టము తేలును. ఇచ్చట ఒరకు బదులు ఉపగ్రహము, త్రాటికి బదులు రాడార్ తరంగము. అది సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో పోయి, నీటికి తగిలి తిరిగి వచ్చును. పట్టిన కాలమునుబట్టి దూరమును లెక్కింతురు. ఉపగ్రహము భూకేంద్రమునుండి ఎంత దూరమున నున్నదో వేరుగా నిర్ణయింతురు. కనుక ఒడ్డున నేల క్రుంగినను ఈ కొలత మారదు. గాలిలోని తేమ తరంగమును కొంచెము ఆలస్యము చేయును. ఆ తేడాను గూడ సవరింతురు.

1992 ఆగస్టులో అమెరికా, ఫ్రాన్సు దేశముల టోపెక్స్-పొసైడన్ ఉపగ్రహము ప్రయోగింపబడినది. అది 1,336 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, సుమారు 10 దినములకొకసారి అవే దారులలో సముద్రములను కొలిచినది. తరువాత జేసన్ ఉపగ్రహములు ఆ పనిని కొనసాగించినవి. 2013 ఫిబ్రవరి 25న భారత, ఫ్రాన్సు దేశముల సరళ్ ఉపగ్రహము ఇదే పనికై మన శ్రీహరికోటనుండి ఎగసినది.

1993 నుండి 2023 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున 9 సెంటీమీటర్లకు పైగా, అనగా బెత్తెడుకంటె కొంచెము ఎక్కువ, పెరిగినట్లు తేలినది. ఏటి పెరుగుదల మొదట సుమారు 2 మిల్లీమీటర్లు. 2023 నాటికి 4 మిల్లీమీటర్లు దాటినది. వేడికి నీరు వ్యాకోచించుట, భూమిపై మంచు కరగి సముద్రమున చేరుట దీనికి ముఖ్య కారణములు.

అయితే ఇది నీటి లెక్క మాత్రమే. కృష్ణా, గోదావరి డెల్టాలవంటి ఒండ్రునేలలు సహజముగనే అణగుచుండును. ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచే ఆ లోటు మునుపటివలె పూడుట లేదు. ఊరికి కలుగు ముప్పు ఈ రెండింటి మొత్తము. మరియు ఒడ్డుకు మిక్కిలి చేరువలో నేలనుండి తిరిగివచ్చు తరంగములు కలియుటచే ఉపగ్రహపు కొలత అంత నికరము కాదు. అచ్చట కొలబద్ద అవసరము తీరలేదు.

కావున కరకట్ట ఎత్తు, తూము మట్టము చర్చకు వచ్చినపుడు సభ్యులు ఇంజనీర్లను రెండు లెక్కలు అడుగవలెను. మన తీరమున నీరు ఎంత పెరిగినది? నేల ఎంత క్రుంగినది? మొదటిదానికి ఉపగ్రహము, కొలబద్ద రెండును ఆధారము. రెండవదానికి, క్రుంగని గట్టినేలపై గుర్తునుండి మట్టపు సర్వే జరుగవలెను. ఒక్క లెక్కపై కట్టిన కట్ట చాలకపోవచ్చును.