తూటా కొనేముందు గోడ చూడు

చి. చిన్నాకి,

రైఫిల్ కొన్నావన్న సంగతి మీ అమ్మ చెబితేగానీ నాకు తెలీలేదు. కొన్నాక ఇప్పుడు మెసేజ్ పెట్టావు, ఇంటి రక్షణకి ఏ తూటా మంచిదని. తిట్టడానికి రాయడం లేదులే. గ్రీన్‌కార్డ్ వచ్చినవాడివి, టెక్సాస్‌లో ఉంటున్నావు, కొనుక్కునే హక్కు చట్టం నీకిచ్చింది. నేనూ ఇక్కడే ఏళ్ల తరబడి రేంజికి వెళ్తున్నవాణ్ణే. అడిగావు గనక నాకు తెలిసింది చెబుతాను. ఫోన్లో చెబితే సగం వింటావు, అందుకే ఉత్తరం.

ముందు తూటా కన్నా ముఖ్యమైన ముక్క ఒకటి. కోడలు ఇంకా హెచ్-1బీ మీదే ఉంది కదా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా మీదున్నవాళ్లు తుపాకీ కలిగి ఉండకూడదు. తుపాకీ ఒక్కటే కాదు, తూటా కూడా. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి గానీ వాటి మీద ఆధారపడి సంసారం చెయ్యకు. సేఫ్ కోడ్ నీకొక్కడికే తెలియాలి. తూటాల డబ్బా వంటింటి అలమరలో పెట్టి, "నేను లేనప్పుడు అవసరమైతే నువ్వు తీసుకో" అన్నావనుకో, రేపు ఆ అమ్మాయి గ్రీన్‌కార్డుకే ఎసరు. వేసవికి మీ అమ్మానాన్నా వస్తారు, విజిటర్ వీసా మీద. మీ నాన్నని రేంజికి తీసుకెళ్లి చేతికి రైఫిలిచ్చి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలని నీకు తప్పకుండా బుద్ధి పుడుతుంది. చాలామందికి పుట్టింది కూడా. వద్దు. ఆయనకీ అదే నిషేధం వర్తిస్తుంది.

ఇక తూటా సంగతి. నీ ఏఆర్-15 బారెల్ మీద చిన్న అక్షరాలతో ఏదో చెక్కి ఉంటుంది. 5.56 నాటో అనో, .223 రెమింగ్టన్ అనో, .223 వైల్డ్ అనో. రెండు తూటాలూ పైకి కవల పిల్లల్లా ఉంటాయి. కానీ 5.56 ఎక్కువ పీడనంతో పేలుతుంది, దాని కోసం తొలిచిన ఛాంబర్ కూడా కాస్త వేరు. 5.56 అని రాసి ఉంటే రెండూ వాడొచ్చు. వైల్డ్ అని ఉన్నా రెండూ వాడొచ్చు. ఒట్టి .223 అని ఉంటే .223 మాత్రమే. ఇందులో వాదనేమీ లేదు, బారెల్ ఏం చెబితే అదే. ఇంకోటి: .300 బ్లాకవుట్ అనే తూటా ఉంది. అదీ నీ మ్యాగజైన్‌లోనే పడుతుంది, కొన్నిసార్లు నీ ఛాంబర్‌లోకీ దూరిపోతుంది. ఆ లావు బుల్లెట్ నీ సన్న బారెల్‌లో ఇరుక్కుంటే రైఫిల్ నీ మొహం ముందే పగిలిపోతుంది. స్నేహితులెవరైనా ప్రేమగా ఇచ్చినా ఆ డబ్బా ఇంట్లోకి రానివ్వకు.

ఇప్పుడు అసలు విషయం. దుకాణంలో కుర్రాడు నీకు "పవర్" గురించి చెబుతాడు. నువ్వు మాత్రం గోడ గురించి ఆలోచించు. మన ఊళ్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడల మధ్య పెరిగినవాడివి. ఇక్కడి ఇల్లు చెక్క ఫ్రేము, దానికి రెండు వైపులా అరంగుళం మందం జిప్సం అట్ట, మధ్యలో ఖాళీ. బయట కనిపించే ఇటుక కూడా ఒక వరస ముస్తాబే. మీ పడకగదికీ పాప గదికీ మధ్య ఉన్నది గోడ అని నువ్వనుకుంటున్నావు. తూటాకి అది తెర. మనిషిని ఆపగల శక్తి ఉన్న ఏ గుండైనా, పిస్టల్‌దైనా షాట్‌గన్‌దైనా రైఫిల్‌దైనా, అలాంటి అట్టల్ని ఒకటి కాదు, కొన్నింటిని దాటిపోతుంది. గోడ దాటని, మనిషిని ఆపే తూటా కావాలని అడక్కు. అలాంటిది ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

అందుకని పని అక్కణ్ణుంచి మొదలుపెట్టు. ఓ ఆదివారం పగటిపూట, తుపాకీ సేఫ్‌లోనే ఉండగా, ఇల్లంతా నడు. మెట్ల పైనుంచి కింద ముఖద్వారం వైపు చూస్తే దాని వెనక ఏముంది? పక్కింటివాళ్ల హాలా? హాలులోంచి గరాజ్ వైపు చూస్తే మధ్యలో ఎవరు పడుకుంటారు? పాప మంచం ఏ గోడకి ఆనుకుని ఉంది? ఏ వైపు అసలు కాల్చకూడదో అప్పుడు తేలుతుంది. కొన్ని ఇళ్లలో మంచం ఒక గోడ నుంచి ఇంకో గోడకి జరిపితే చాలు, ఎంత ఖరీదైన తూటా కన్నా అదే ఎక్కువ పని చేస్తుంది. టెక్సాస్ చట్టం ఇంట్లో ఆత్మరక్షణకి పెద్ద అండే ఇస్తుంది, కాదనను. కానీ అదే శిక్షాస్మృతిలో 9.05 అని ఓ సెక్షనుంది. నీ ఆత్మరక్షణ న్యాయమైనదే అయినా, నిర్లక్ష్యంగా కాల్చి మధ్యలో ఏ పాపం ఎరగని మనిషిని గాయపరిస్తే, ఆ నేరానికి ఆత్మరక్షణ అనే సాకు చెల్లదు. దీని గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు.

గోడ తెలిశాక బుల్లెట్ ఎంచుకోవడం తేలిక. నీ రైఫిల్‌లో మామూలుగా వాడే బుల్లెట్ బరువు 55 గ్రెయిన్లు, అంటే మూడున్నర గ్రాములు. అరకాసు బంగారమంత కూడా లేదు. కాకపోతే సెకనుకి మూడు వేల అడుగుల వేగంతో పోతుంది. దాని పనితనమంతా ఆ వేగంలోనూ, కొన ఎలా చేశారన్న దాంట్లోనూ ఉంది. రేంజిలో వాడే చవకరకం సీసం మీద పూర్తి రాగి తొడుగుతో ఉంటుంది. సాధనకి అదే కొను, ఇంటికి వద్దు. ఆకుపచ్చ కొనతో వచ్చే 62 గ్రెయిన్ల ఎం855 అసలే వద్దు. దాని లోపల ఉక్కు ముక్క ఉంటుంది. సైన్యం దూరాన ఉన్న గట్టి లక్ష్యాల కోసం చేయించుకున్నది అది. చాలా ఇండోర్ రేంజుల్లో లోపలికే రానివ్వరు. "మిలిటరీ గ్రేడ్" అన్న మాట వినగానే మన కుర్రాళ్లకి కళ్లు మెరుస్తాయి. నీ ఇంట్లో ఆ మాటకి విలువ లేదు.

ఇంట్లో ఉంచడానికి కొన విచ్చుకునే రకం కావాలి, హాలో పాయింట్ గానీ సాఫ్ట్ పాయింట్ గానీ. తేలికైన, వేగమైన ఈ బుల్లెట్లు జిప్సం అట్టకి తగలగానే తూలిపోయి ముక్కలవడానికి మొగ్గు చూపుతాయి. నిదానంగా పోయే బరువైన పిస్టల్ గుండు ఒక్కోసారి ఇంకా ఎక్కువ గోడలు దాటుతుంది. రైఫిలంటే గోడలన్నీ చీల్చుకుపోతుందని నువ్వు విన్నదానికి ఇది విరుద్ధంగా అనిపిస్తుంది గానీ, పరీక్షలు చేసినవాళ్లు చెప్పేది ఇదే. ముక్కలవుతుందంటే ప్రమాదం లేదని కాదు సుమా. గోడ అవతలున్న పాపకి ముక్క చాలు.

మరీ తేలికరకానికి కూడా పోకు. పొలాల్లో బొరియలు తవ్వే జంతువుల్ని కొట్టడానికి పలచటి తొడుగుతో చేసే వర్మింట్ బుల్లెట్లుంటాయి. అవి పైపైనే పగిలిపోతాయి. లోతు ఎందుకు ముఖ్యమో ఎఫ్‌బీఐ వాళ్లు 1986 ఏప్రిల్ 11న మయామీలో నేర్చుకున్నారు. ఒక దోపిడీదారుడికి తగిలిన పిస్టల్ గుండు గుండె దాకా చేరకుండా ఆగిపోయింది. అతను ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. కండరం బదులు జెలటిన్ దిమ్మలో కాల్చి కనీసం 12 అంగుళాల లోతు, 18 దాటకుండా, అని లెక్క పెట్టుకున్నది ఆ తర్వాతే. తయారీదారులు ఇప్పటికీ ఆ కొలతే చెబుతారు.

పోలీసులు వాడేదే మంచిదని ఇంకో సలహా వింటావు. స్పియర్ గోల్డ్ డాట్ లాంటి వాటిలో సీసాన్ని తొడుగుకి అతికించి చేస్తారు, కారు అద్దం దాటినా విడిపోకుండా. పోలీసుకి అది అవసరం. నీ ఇంట్లో కారు అద్దాలు లేవు, పలచని గోడలున్నాయి. నా మటుకు నేనైతే పేరున్న కంపెనీది, అతికించని సాఫ్ట్ పాయింట్ గానీ హాలో పాయింట్ గానీ, 55 నుంచి 64 గ్రెయిన్ల మధ్య ఏదో ఒకటి తీసుకుంటాను. 75, 77 గ్రెయిన్ల బరువైనవి కొనాలనుకుంటే బారెల్ మీద 1:7 లేదా 1:8 అని ట్విస్ట్ (బుల్లెట్‌ని తిప్పే లోపలి గాడుల మెలిక) రాసి ఉందో లేదో చూడు. 1:9 ఉంటే అంత పొడవు బుల్లెట్ సరిగా తిరగక గురి తప్పొచ్చు. ఇంతకు మించి తూకాల మీద రాత్రుళ్లు మేలుకోకు.

ఎంచుకున్న రకం నీ రైఫిల్‌లో అడ్డం పడకుండా పనిచెయ్యాలి. అది డబ్బా మీద రాసి ఉండదు. నువ్వు పెట్టబోయే మ్యాగజైన్‌తోనే, అదే రకం కొన్ని డబ్బాలు రేంజిలో కాల్చి చూడు. సాధన తూటా కన్నా దీని ఖరీదు రెండింతలో మూడింతలో ఉంటుంది. ఉండనీ. ఎవరో ఇంట్లో తిరిగి నింపిన తూటాలు మాత్రం ముట్టుకోకు. మరో అలవాటు: రోజూ రాత్రి ఛాంబర్‌లో ఒకటెక్కించి, పొద్దున్నే తీసి, మళ్లీ రాత్రి అదే తూటా ఎక్కించేవాళ్లున్నారు. ఏఆర్‌లో ఫైరింగ్ పిన్ వదులుగా ఉంటుంది, బోల్టు మూసుకున్న ప్రతిసారీ ప్రైమర్ మీద చిన్న గాటు పడుతుంది. బుల్లెట్ కూడా కొంచెం కొంచెంగా కేసులోకి దిగిపోతుంది, దిగినకొద్దీ పీడనం పెరుగుతుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టెయ్. అసలు పాప ఉన్న ఇంట్లో ఛాంబర్ ఖాళీగా, రైఫిల్ సేఫ్‌లో ఉండాలి. పదిహేడేళ్లలోపు పిల్లలకి తూటా నిండిన తుపాకీ అందేలా వదిలెయ్యడం టెక్సాస్‌లో నేరం.

రాత్రి సంగతి. రైఫిల్‌కి లైటు లేకపోతే తూటా గురించి మాట్లాడుకోవడమే దండగ. నీ ఇల్లు ఎలాంటిదో నాకు తెలుసు. డాలస్‌లో అర్ధరాత్రి ఫ్లైటు దిగి గరాజ్ కోడ్ కొట్టుకుని లోపలికొచ్చే స్నేహితులు, సోఫా మీద పడుకునే తమ్ముళ్లు. మీ నాన్నైతే ఇండియా నుంచి వచ్చిన మొదటి వారం జెట్‌లాగ్‌తో రాత్రి మూడింటికి లేచి, నిన్ను లేపడం ఇష్టం లేక, లైటు వెయ్యకుండా వంటింట్లో కాఫీపొడి వెతుక్కుంటాడు. మొహం కనబడేదాకా, పేరు పెట్టి పిలిచి జవాబు వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. చప్పుడూ తక్కువేం కాదు. 140 డెసిబెల్స్ దాటిన ఒక్క మోత చెవిని శాశ్వతంగా దెబ్బతీయగలదు, రైఫిల్ మోత అంతకన్నా చాలా పైన. గదిలో ఇంకా దారుణం. చిన్న శబ్దాన్ని పెంచి పెద్ద మోతని కోసేసే ఎలక్ట్రానిక్ మఫ్స్ సేఫ్‌లో రైఫిల్ పక్కనే పెట్టు.

రేంజికి తీసుకెళ్లే సంచీ వేరుగా ఉంచు, ఇంకే పనికీ వాడకు. ఆ బ్యాక్‌ప్యాక్‌తోనే ఇండియా బయల్దేరి, అడుగున పడి ఉన్న ఒక్క తూటాతో అక్కడి విమానాశ్రయంలో పట్టుబడినవాళ్లున్నారు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా ఉండటమే కేసు. తెలిసి తెచ్చాడా, తెలియక తెచ్చాడా అన్నది తర్వాత కోర్టులో తేలుతుంది. ఈలోపు నీ సెలవంతా స్టేషన్ చుట్టూ, లాయర్ చుట్టూ.

నీ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు. 2011, 2014 మధ్య కొన్ని రాష్ట్రాల్లో భారతీయుల, ఆసియావాళ్ల ఇళ్లనే ఎంచుకుని దోచిన ముఠా కేసులో టెక్సాస్ కూడా ఉంది. అది నిజమే. కానీ దొంగ ఎక్కువగా వచ్చేది ఇంట్లో ఎవరూ లేనప్పుడు. అప్పుడు నీ తూటా ఏ రకమైతే ఏం, సేఫ్ గోడకి బిగించి లేకపోతే రైఫిల్ కూడా వాడితోనే పోతుంది. కోడలి నగలు బ్యాంకు లాకర్లో పెట్టండి. పెళ్లిళ్ల ఫోటోలు ఫేస్‌బుక్‌లో అందరికీ కనబడేలా ఉంచకండి. ముఖద్వారం తాళం పట్టీకి ఉన్న పొట్టి స్క్రూలు తీసి మూడంగుళాలవి బిగించు. ఐదు డాలర్ల పని, ఈ వారమే చెయ్యి.

దుకాణానికి వెళ్లేముందు బారెల్ మీద చెక్కిన అక్షరాల్ని ఫోటో తీసి నాకు పంపు. దాంతోపాటు ఇంటి ప్లాను కూడా ఓ కాగితం మీద గీసి, ఎవరు ఎక్కడ పడుకుంటారో గుర్తు పెట్టు. రెండూ చూశాక డబ్బా సంగతి మాట్లాడుకుందాం. అప్పటిదాకా కొనకు.

మీ మామయ్య