పై దేశం చదువు - ప్రభుత్వ సాయం

మనది మామిడి సీమ. నూజివీడు చుట్టూ ఎటు చూసినా తోటలే. బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, తోతాపురి. తోతాపురిని మనం కలెక్టరు కాయ అంటాం. మన కాయ లారీ ఎక్కి దూర రాష్ట్రాలకు పోతుంది. మరి మన పిల్ల చదువు కోసం ఎంత దూరం పోగలదు?

నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ పెట్టారు. పదో తరగతి మార్కులను బట్టి అక్కడ సీటు ఇస్తారు. ఆరేళ్ళు చదివితే ఇంజనీరు అవుతారు. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ తోటల పెంపకం గురించి నాలుగేళ్ళ డిగ్రీ చదువుతారు. డిగ్రీ తర్వాతి చదువును మనం పీజీ అంటాం. పై దేశాల్లో మాస్టర్స్ అంటారు. అది ఒకటి రెండేళ్ళ చదువు. ఖర్చు మాత్రం లక్షల్లో ఉంటుంది.

ఒక ఊళ్ళో ఒక తల్లి ఉందనుకుందాం. ఆమెది షెడ్యూల్డు కులం కుటుంబం. రెండెకరాల తోట ఉంది. కూతురు ఉద్యాన డిగ్రీ పాసయింది. పై దేశంలో చదువుతానంటోంది. తల్లి, ఆమె ఆడపడుచు తోటలో కాయలు ఏరుతున్నారు. పంతులమ్మ అటుగా వచ్చింది.

తల్లి: పంతులమ్మా, నిన్న మా ఇంటికి ఒక ఏజెంటు వచ్చాడండి. రెండు లక్షలు ముందు ఇస్తే సర్కారు స్కాలర్‌షిప్పు ఇప్పిస్తానన్నాడు. తోట తాకట్టు పెడదామని మా ఆయన అంటున్నాడు.

పంతులమ్మ: ఆగక్కా! కాగితం మీద సంతకం పెట్టారా?

తల్లి: లేదండి. చదవకుండా పెట్టనన్నాను.

పంతులమ్మ: మంచి పని చేశావు. స్కాలర్‌షిప్పు ఒకరు ఇప్పించేది కాదు. మన పిల్లే దరఖాస్తు పెట్టుకోవాలి. ఎంపిక చేసేది ప్రభుత్వం. ఏజెంటుకు అందులో పని లేదు.

తల్లి: అది అప్పాండీ? తిరిగి కట్టాలా?

పంతులమ్మ: అప్పు కాదక్కా. చదువు పూర్తి చేస్తే తిరిగి కట్టక్కర్లేదు. నిబంధనలు తప్పితే మాత్రం డబ్బు వెనక్కి అడుగుతారు.

ఆడపడుచు: ఆడపిల్లకు అంత దూరం ఎందుకు వదినా? ఆ డబ్బుతో పెళ్ళి చేస్తే పోదా?

తల్లి: ఆ డబ్బు పెళ్ళికి ఇవ్వరు వదినా. చదువుకే ఇస్తారు. మా అత్త నన్ను బడి మానిపించింది. కాగితం చదవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నా పిల్లను నేను ఆపను.

పంతులమ్మ: అయితే ముందు వివరాలు తెలుసుకుందాం. తోట సంగతి తర్వాత.

ఇది కొత్త సంగతి కాదు

అంబేద్కర్ గారు కూడా ఇలాగే పై దేశంలో చదివారు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆయనకు స్కాలర్‌షిప్పు ఇచ్చారు. నెలకు పదకొండున్నర పౌన్లు. మూడేళ్ళు. అంబేద్కర్ గారు అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1915లో ఎం.ఏ. పాసయ్యారు. తర్వాత ఆయన మన రాజ్యాంగం రాసిన సంఘానికి అధ్యక్షులయ్యారు.

కేంద్ర ప్రభుత్వ సాయం

దీని పేరు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఇది 1954-55లో మొదలయింది. ఏడాదికి 125 మందికి ఇవ్వాలని నిర్ణయించారు. అందులో షెడ్యూల్డు కులాలకు 115. సంచార, విముక్త జాతులకు 6. భూమి లేని వ్యవసాయ కూలీలకు, చేతివృత్తుల వారికి కలిపి 4. తోటల్లో కూలికి పోయే తల్లి బిడ్డ ఈ నాలుగింటికి పోటీ పడవచ్చు. నూజివీడు వీణలు చేసే ఇంటి పిల్ల, కొండపల్లి బొమ్మలు చేసే ఇంటి పిల్ల కూడా అడగవచ్చు.

నూటికి 30 సీట్లు ఆడపిల్లలకు కేటాయించారు.

షరతులు ఇవి:

1. డిగ్రీలో నూటికి 60 మార్కులు రావాలి.
2. వయసు 35 ఏళ్ళ లోపు ఉండాలి.
3. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల రూపాయలు దాటకూడదు.
4. ప్రపంచంలో మొదటి 500 విశ్వవిద్యాలయాల్లో ఒక దానిలో సీటు రావాలి. షరతులు లేని సీటు ఉత్తరం ఉండాలి.

ఎంపికైతే చదువు ఫీజు ప్రభుత్వం కడుతుంది. విమానం టికెట్టు, వీసా ఖర్చు, ఆరోగ్య బీమా కూడా ఇస్తుంది. తిండికి, ఉండడానికి వేరే డబ్బు ఇస్తుంది. అమెరికాలో చదివితే ఏడాదికి 15,400 డాలర్లు. ఇంగ్లండులో అయితే 9,900 పౌన్లు.

ఇంగ్లీషు పరీక్ష ఫీజు, సీటు కోసం కట్టే ఫీజు మాత్రం మనమే పెట్టుకోవాలి. అందుకు కొంత డబ్బు ముందుగా పొదుపు చేసుకోవాలి.

షెడ్యూల్డు తెగల పిల్లలకు వేరే స్కాలర్‌షిప్పు ఉంది. దాన్ని గిరిజన మంత్రిత్వ శాఖ చూస్తుంది. ఏడాదికి 20 మందికి ఇస్తారు.

రాష్ట్ర ప్రభుత్వ సాయం

2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి పెట్టారు. మొదట ఒక్కొక్కరికి 10 లక్షల వరకు ఇచ్చారు. తర్వాత వెనుకబడిన తరగతులకు, మైనారిటీలకు కూడా పథకాలు వచ్చాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జగనన్న విదేశీ విద్యా దీవెన అని పెట్టారు. 2024లో దాని పేరు మళ్ళీ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధిగా మార్చారు.

పేరు మారినప్పుడు షరతులూ మారవచ్చు. పాత మాట నమ్మి కూర్చోకూడదు. నూజివీడు 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉంది. అందుకని ఏలూరులో సాంఘిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి. "ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారా? చివరి తేదీ ఎప్పుడు?" అని అడిగి రాసుకోవాలి.

పై దేశాల ప్రభుత్వాలు కూడా సాయం చేస్తాయి. బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్పు ఇస్తోంది. దానికి రెండేళ్ళ ఉద్యోగ అనుభవం కావాలి. చదువు అయ్యాక సొంత దేశానికి తిరిగి వచ్చి రెండేళ్ళు ఉండాలి.

అమ్మ చేయగల పని

దరఖాస్తు కంప్యూటరులో పిల్లే నింపుతుంది. కాగితాలు మాత్రం అమ్మ దాచవచ్చు, చూడవచ్చు. ఒక సంచిలో ఇవి ఉంచండి:

పదో తరగతి మార్కుల జాబితా. ఇంటర్, డిగ్రీ కాగితాలు. కుల ధ్రువీకరణ పత్రం. ఆదాయ ధ్రువీకరణ పత్రం. ఆధార్ కార్డు. పాస్‌పోర్టు.

ఇప్పుడు ఒక్కొక్కటే తీసి చదవండి. పిల్ల పేరు అన్నిటిలో ఒకేలా ఉందా? ఒక కాగితంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఇంకో దానిలో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. పుట్టిన తేదీ కూడా చూడండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించాలి. చివరి వారంలో పరుగెత్తితే పని కాదు. కుల, ఆదాయ పత్రాలకు మీ సేవలో దరఖాస్తు పెట్టండి. ఇచ్చిన రసీదు పారేయవద్దు.

పూతంతా కాయ కాదు

చెట్టు నిండా పూత వస్తుంది. మంచు పడితే రాలుతుంది. తేనెమంచు పురుగు పడితే మాడుతుంది. పూత చూసి అప్పు చేసిన రైతు కష్టం మనకు తెలుసు. స్కాలర్‌షిప్పు కూడా అంతే. 2025లో కేంద్రం 106 మందిని ఎంపిక చేసింది. మొదట 40 మందికే మంజూరు ఉత్తరాలు ఇచ్చింది. మిగిలిన వారికి నిధులు ఉంటేనే ఇస్తామంది.

అందుకని మంజూరు ఉత్తరం చేతికి రాకముందు తోట తాకట్టు పెట్టవద్దు. ఖాళీ కాగితం మీద సంతకం చేయవద్దు. అసలు కాగితాలు ఏజెంటు చేతికి ఇవ్వవద్దు. నకళ్ళు చాలు. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి ఉండేలా రెండు మూడు చోట్ల దరఖాస్తు పెట్టించండి. మన దేశంలో పీజీ సీటుకూ పరీక్ష రాయించండి. ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ చూడవచ్చు. తోట పోతే మాత్రం మళ్ళీ రాదు.

అభ్యాసం

జవాబులు రాయండి:
1. అంబేద్కర్ గారికి స్కాలర్‌షిప్పు ఎవరు ఇచ్చారు?
2. కేంద్ర స్కాలర్‌షిప్పుకు డిగ్రీలో నూటికి ఎన్ని మార్కులు రావాలి?
3. తల్లి ఏజెంటు కాగితం మీద ఎందుకు సంతకం పెట్టలేదు?

ఖాళీలు నింపండి:
1. కుటుంబ ఆదాయం ఏడాదికి ........ లక్షలు దాటకూడదు.
2. నూటికి ........ సీట్లు ఆడపిల్లలకు కేటాయించారు.

లెక్క చేయండి:
106 మందిలో 40 మందికి ఉత్తరాలు వచ్చాయి. ఇంకా ఎంతమందికి రావాలి?

మాట్లాడుకోండి:
ఆడపడుచు అడిగిన మాట మీ ఊళ్ళోనూ అంటారా? మీరైతే ఏం చెబుతారు?

ఇంటి పని:
మీ పిల్లల పదో తరగతి కాగితం, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టండి. పేరు, పుట్టిన తేదీ చదవండి. రెండిటిలో ఎలా ఉన్నాయో మీ చేత్తో పలక మీద రాయండి.