రాణి చీమ ఇంటికొస్తే

జూన్ నడిమికి రాయపూర్‌లో తొలకరి మొదలవుతుంది. రెండు నెలలు మండిన నేల మీద వాన గట్టిగా కురిసి వెలిసిన సాయంత్రం, మన దేవేంద్ర నగర్ సెక్టార్లలో వీధి దీపాల కిందా గేటు లైట్ల చుట్టూ రెక్కల పురుగులు ముసురుకుంటాయి. కాసేపటికి కొన్ని రెక్కలు రాల్చేసి నేల మీద పరుగులు పెడతాయి. ఇవి ముందు పిల్లల కంట పడతాయి. రాణి చీమని పట్టి ఇంట్లో పెంచవచ్చని వీడియోల పుణ్యమా అని ఈ తరం పిల్లలకి తెలుసు. కాబట్టి ఏదో ఒక రోజు మీ అబ్బాయో అమ్మాయో మూత బిగించిన సీసాతో వచ్చి ‘అమ్మా, రానీ చీంటీ దొరికింది, పెంచుకుందాం’ అంటే ఆశ్చర్యపోవద్దు. ‘ఛీ, బయట పారెయ్’ అనబోయే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఖర్చు లేకుండా, చదువు చెడకుండా పిల్లలకి ఓర్పు నేర్పే పని ఇంతకంటే మంచిది నాకైతే కనిపించలేదు. కాకపోతే ఆ ఓర్పు ముందు మనకుండాలి.

మొదట, సీసాలో ఉన్నది చీమేనా అని చూడాలి. రాయపూర్ తెలుగు ఇళ్లలో శ్రీకాకుళం, విజయనగరం మూలాలున్నవాళ్లు చాలామంది. మీ ఇంట్లో ఆ వైపు పెద్దవాళ్లుంటే చూడగానే ‘ఇవి ఉసిళ్లురా’ అనేస్తారు. ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదపురుగులు. వాటికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము సన్నగా ఉండదు, మీసాలు తిన్నగా ఉంటాయి. చీమకి ముందు రెక్కలు పెద్దవి, వెనక రెక్కలు చిన్నవి. నడుము చిక్కి ఉంటుంది, మీసాలు మధ్యలో మడతపడి ఉంటాయి. ఉసిళ్లైతే బయటే వదిలేయించండి. చెక్క బీరువాలున్న ఇంట్లోకి చెదని తెచ్చుకోవడం ఎందుకు?

చీమే అని తేలాక, అది రాణి అవునా కాదా అన్నది అసలు ప్రశ్న. పిల్లలు ఎక్కువగా ఇక్కడే పొరబడతారు. మన ఇళ్ల చుట్టూ తిరిగే నల్లటి గండుచీమల్లో కొన్నిటికి తల చాలా పెద్దగా ఉంటుంది. దాన్ని చూసి రాణి అనుకుంటారు. అది పెద్ద కూలి చీమ, గుడ్లు పెట్టి గూడు నిలబెట్టలేదు. తల చూడొద్దు, వీపు చూడమని చెప్పండి. తలకీ పొట్టకీ మధ్యనున్న భాగం కూలి చీమకి సన్నగా ఉంటుంది, రాణికి ఎత్తుగా, వెడల్పుగా ఉబ్బి ఉంటుంది. ఎగరడానికి కావలసిన కండరాలన్నీ అందులోనే ఉంటాయి. భూతద్దం ఉంటే ఆ భాగానికి రెండు పక్కలా రెక్కలు ఊడిన చిన్న మచ్చలు కూడా కనిపిస్తాయి. రాణి పొట్ట కూడా పెద్దదే. గండుచీమ రాణి ఒకటిన్నర సెంటీమీటరు దాకా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకి గుర్తుపట్టడం తేలిక, పెంచడమూ తేలిక. తల బుల్లిదై, ఒళ్లు సన్నగా, రెక్కలతో ఉన్నది మగ చీమ. జతకట్టడమే దాని పని, ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకదు. రెక్కలు రాల్చుకుని నేల మీద ఒంటరిగా చోటు వెతుక్కుంటున్న రాణి దొరికితే అది జతకట్టి ఉంటుందని ఆశపడవచ్చు. జతకట్టని రాణి గుడ్లు పెట్టినా వాటిలోంచి మగ చీమలే పుడతాయి, ఆ గూడు నిలవదు.

ఎంత వెతికినా రాణి దొరకని చీమలు కూడా ఉన్నాయి. తోటల్లో ఒంటరిగా మేతకి తిరిగే డయాకమ్మా జాతి చీమలకి రాణి అనే వేరే చీమే ఉండదు. కూలి చీమల్లోనే ఒకటి జతకట్టి గుడ్లు పెడుతుంది. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ చీమలు గూడు మారేటప్పుడు ఒకదాని వెంట ఒకటి ఎలా దారి పడతాయో ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. మీ పిల్లలకి ఈ సంగతి చెప్పి చూడండి. ప్రతి గూట్లోనూ ఒక రాణి ఉంటుందన్న పాఠం పక్కకి జరిగి, ‘మరి ఏ చీమ గుడ్లు పెట్టాలో ఎలా తేలుతుంది?’ అని వాళ్లే అడుగుతారు.

కొన్నిటి జోలికి మాత్రం పోనివ్వకండి. కుట్టే ఎర్ర చీమలు పిల్లలకి తగవు. చెట్టు బోదెల మీద తిరిగే, మధ్యభాగం ఎర్రగా, తలా పొట్టా నల్లగా ఉన్న సన్నటి చీమ కుడితే చాలాసేపు మండుతుంది. ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్ర చీమల్ని బస్తర్ సంతల్లో చాప్డా చట్నీ కోసం అమ్ముతారు. వాటి గూడు కదిపితే మీదపడి కరుస్తాయి, ఇంట్లో పెంచే జీవి కాదది. చీమ కుట్టాక పిల్లవాడి పెదాలో కళ్లో వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరాడక ఇబ్బంది పడినా చిట్కా వైద్యాలతో కాలం గడపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇల్లు అమర్చడం పది నిమిషాల పని. ఒక టెస్ట్ ట్యూబ్ చాలు. చిన్నపిల్లలైతే ప్లాస్టిక్‌ది కొనండి. మూడో వంతు మంచినీళ్లు పోసి, దూది ఉండని నీటికి తగిలేదాకా లోపలికి నెట్టండి. దూది తడవాలి గానీ నీళ్లు కారకూడదు. మిగిలిన ఖాళీలో రాణిని వదిలి, మూతికి పొడి దూది పెట్టండి. దూదిలోంచి గాలి ఆడుతుంది. ట్యూబు మీద చీటీ అంటించి, ఏ తేదీన, ఏ చెట్టు దగ్గర, ఏ గోడ పక్కన దొరికిందో పిల్లల చేతే రాయించండి. ఈ చీటీ మరచిపోవద్దు, దీనితో తర్వాత పనుంది. ఒక ట్యూబులో ఒకే రాణి. రెండిటిని కలిపితే చివరికి ఒకదాన్నొకటి చంపుకునే జాతులే ఎక్కువ.

ఇక ట్యూబుని చీకట్లో, కదలికలు లేని చోట పెట్టాలి. ఫ్రిజ్ మీద వద్దు, వాషింగ్ మెషీన్ పక్కన వద్దు, ఎండపడే కిటికీలో అసలే వద్దు. దోమల మందు యంత్రం, అగరబత్తీ, చీమల సుద్ద ఉన్న గది కూడా పనికిరాదు. మనం రోజూ మామూలుగా వాడే ఆ మందులు రాణిని కూడా చంపుతాయి. లోపలి గదిలో బట్టల బీరువా అర మేలు, అందులో కలరా ఉండలు లేకపోతే.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. పిల్లవాడు గంటకోసారి బీరువా తలుపు తీస్తాడు. ‘ఏం తింటుంది, చక్కెర వేద్దామా?’ అంటాడు. వేయొద్దు. గండుచీమ రాణి తొలి పిల్లలు పెద్దవయ్యేదాకా ఏమీ తినదు. జతకట్టడానికి ఎగరడం అయిపోయింది కాబట్టి ఇక రెక్కలతో పని లేదు. వీపులోని ఆ పెద్ద కండరాలు మెల్లగా కరిగి దానికీ పిల్లలకీ ఆహారమవుతాయి. నేలలోపల చిన్న గది తవ్వుకుని, దారి మూసేసుకుని, వారాల తరబడి అలాగే ఒంటరిగా ఉండడం దాని స్వభావం. మాటిమాటికీ వెలుగు పడినా, ట్యూబు కదిలినా బెదిరి తన గుడ్లు తానే తినేయవచ్చు. ఈ మాట పిల్లలకి నిజంగా నాటుతుంది. ‘చూడొద్దు’ అంటే వినని పిల్లలు ‘నువ్వు చూస్తే అది భయపడి గుడ్లు తినేస్తుంది’ అంటే తలుపు మెల్లగా మూస్తారు.

వారానికి ఒక్కసారి, ఆదివారం అనుకోండి, తల్లో తండ్రో పక్కన కూర్చుని మసక వెలుగులో అర నిమిషం చూడనివ్వండి. మొదట తెల్లటి చిన్న గుడ్లు ఒకదానికొకటి అంటుకుని ముద్దగా కనిపిస్తాయి. రాణి ఆ ముద్దని నోట పట్టుకుని తిరుగుతుంది, నాకుతూ శుభ్రం చేస్తుంది. కొన్నాళ్లకి గుడ్ల నుంచి కాళ్లులేని పురుగులు వస్తాయి. అవి వడ్లగింజల్లాంటి గూళ్లు అల్లుకుని లోపల నిద్రపోతాయి. మట్టి తవ్వినప్పుడు చీమలు నోట కరచుకుని పరుగెత్తే ఆ గింజల్నే మనం చీమ గుడ్లంటాం, నిజానికి అవి గుడ్లు కావు. వేడి ఉన్న మన ఊళ్లో ఇదంతా జరగడానికి నెలన్నర, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. అంటే వినాయక చవితి నాటికి తొలి కూలి చీమలు రావచ్చు. మీ వీధిలో మండపం ముందు డీజే మోగుతుంటే ట్యూబుని ఇంటి వెనక గదికి మార్చి, కింద మందంగా బట్ట మడిచి వేయండి.

తొలి కూలి చీమలు పొట్టిగా, లేత రంగులో, వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. తిండి అప్పుడు మొదలు. చిన్న దూది పింజని చక్కెర నీళ్లలో ముంచి పెట్టండి. వారానికి ఒకటి రెండు సార్లు చేత్తో కొట్టిన దోమనో చిన్న ఈగనో వేయండి. మందు కొట్టి చంపిన పురుగు పొరపాటున కూడా వద్దు. తీపి వాసనకి ఇంట్లోని చీమలు ట్యూబు మీదికి దండెత్తుతాయి కాబట్టి, పాత రోజుల్లో బీరువా కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టినట్టు, ట్యూబుని నీళ్ల పళ్లెం మధ్యలో చిన్న ఎత్తు మీద పెట్టండి. ఆ నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి, దోమలు గుడ్లు పెట్టకుండా.

రాణి చనిపోవచ్చు. అడవిలోనైనా కొత్తగా గూడు మొదలుపెట్టిన రాణుల్లో చాలా కొద్దే నిలుస్తాయి. అప్పుడు పిల్లలకి తెలియకుండా మరొకటి తెచ్చి పెట్టకండి. నిజం చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి. మరుసటి తొలకరి ఎలాగూ వస్తుంది.

బతికితే, అది చిన్న బాధ్యత కాదు. చీమల్ని ఇంట్లో పెట్టి గమనించిన జాన్ లబక్ 1882లో పుస్తకం వేశారు. ఆయన దగ్గర ఒక రాణి దాదాపు 15 ఏళ్లు బతికింది. పదో తరగతి, ఇంటర్, కాలేజీ అన్నీ దాటే వయసది. ఆన్‌లైన్‌లో రాణుల్ని కొనివ్వమని పిల్లలు అడిగినా ఒప్పుకోకండి. 2025 ఏప్రిల్‌లో కెన్యాలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు దూది పెట్టిన ట్యూబుల్లో దాదాపు 5,000 రాణి చీమలతో పట్టుబడ్డారు. కోర్టు ఒక్కొక్కరికి 10 లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా వేసింది. సరదా వ్యాపారమైతే జరిగేది అదే. బార్‌నవాపారా లాంటి అభయారణ్యానికి షికారు వెళ్లినప్పుడు కూడా అక్కడి ఏ జీవినీ సీసాలో వేసుకు రాకూడదని పిల్లలకి ముందే చెప్పండి. మన గేటు ముందు దొరికిన ఒక్క రాణి చాలు.

చీమలు పదులు దాటి ట్యూబు ఇరుకైనప్పుడు పెద్ద డబ్బా కొనే ముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. పరీక్షలున్నాయా, సెలవులకి ఊరెళితే ఎవరు చూస్తారు, పెంచగలమా అని. వీలుకాదనిపిస్తే వదిలేయడం తప్పేమీ కాదు. రాయపూర్‌లో రైల్వే, బ్యాంకు ఉద్యోగాల తెలుగువాళ్లకి బదిలీలు మామూలే. బదిలీ మీద విశాఖకో హైదరాబాదుకో వెళ్లేటప్పుడు దయచేసి చీమల్ని సామాన్లతో కట్టుకెళ్లకండి. ఒక చోటి చీమ మరో చోట పాతుకుపోతే అక్కడి జీవాలకి ముప్పు. చీటీ మీద రాసుకున్న చోటే, వాన పడి నేల మెత్తగా ఉన్న సాయంత్రం చూసి, మీ పిల్లల చేతే వదిలించండి.