పుట్టినూరికి చుట్టంలా వెళ్లకు చెల్లీ

ఈ సెలవులకి రాజమండ్రి వెళ్లాలా వద్దా అని ఊగిసలాడుతున్నావు కదూ? ఈ బెంగ మనందరిదీనమ్మా. కొందరి ఇళ్లు అమ్మేశారు, కొందరివి అపార్ట్‌మెంట్లయ్యాయి. ఇల్లున్నవాళ్లకి మాత్రం తక్కువ దిగులా? వదిన కాఫీ చేతికిస్తూ "ఎన్నాళ్లుంటావు?" అని ప్రేమగానే అడుగుతుంది, మనకే ఎక్కడో చివుక్కుమంటుంది. రెండ్రోజులు హాల్లో కూర్చుని, తాడితోటలో నాలుగు చీరలు కొనుక్కుని రైలెక్కేస్తాం. తిరిగొచ్చాక మనసు నిండలేదని దిగాలుపడతాం.

ఊళ్లో మన పేరున గది లేకపోయినా మనవని చెప్పుకునే వీధులు బోలెడున్నాయి. ఈసారి వాటికోసం వెళ్దాం.

ముందుగా గోదావరి గట్టు దగ్గరున్న దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి పద. చిన్నప్పుడు ఆ దారినే రేవుకి వెళ్లేవాళ్లం, లోపలికి తొంగిచూసిందెవరు? దామెర్ల మన ఊరివాడే. 1897లో పుట్టాడు. ఇక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలో ఉన్న విద్య గుర్తుపట్టి ప్రోత్సహిస్తే, బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివాడు. చదువయ్యాక పెద్ద పట్నాల్లో స్థిరపడిపోకుండా తిరిగొచ్చి, మన ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టి పిల్లలకి బొమ్మలు నేర్పాడు. 1925లో మశూచి సోకి పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు తల్లీ! అంత చిన్న వయసులో అన్ని బొమ్మలెలా వేశాడా అనిపిస్తుంది.

నన్నడిగితే మనం ఇంకా గట్టిగా తలుచుకోవాల్సిన మాట ఒకటుంది. ఆయన భార్య సత్యవాణి గారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారూ కూడా చిత్రకారిణులే. వందేళ్ల కిందట, మన వీధుల్లో, ఆడవాళ్లు కుంచె పట్టుకున్నారు. మనకెవరైనా చెప్పారా? వెళ్లినప్పుడు వాళ్ల బొమ్మల సంగతి అక్కడివాళ్లని అడుగు. మొహమాటపడకు.

"బొమ్మల గురించి నాకేం తెలుసక్కా" అంటావేమో. ఏం తెలియక్కర్లేదు. అన్నీ చూసేయాలని పరుగెత్తకు, ఒక్కదాని ముందే నిలబడు. దామెర్ల వేసిన 'పుష్పాలంకారం' దగ్గర ఆగు. ఆ ఆడవాళ్ల చేతులు చూడు, నగ ఎక్కడుందో, జడ ఎలా వాలిందో, ఎవరి చూపు ఎటుందో చూడు. పేరంటానికి ముస్తాబయ్యేటప్పుడు మనం ఒకరికొకరం పూలు తురుముకోలేదూ? ఆ అనుభవంతో చూస్తే చాలు. పిల్లలు విసుక్కుంటారని భయమా? తలా ఒక పెన్సిలూ నోటుపుస్తకమూ ఇచ్చి, నచ్చిన బొమ్మని చూసి గీయమను. బయటికొచ్చాక రోజ్‌మిల్క్ తాగిస్తానని ముందే ఒప్పందం చేసుకో. మన ఊళ్లో ఆ మాట బాగా పనిచేస్తుంది.

తర్వాత వీరేశలింగం గారి ఇల్లు. 1848లో ఆయన పుట్టిన ఆ ఇంటిని స్మారకంగా ఉంచారు. 1881 డిసెంబరులో ఇక్కడే మొదటి వితంతు వివాహం చేయించారని స్కూల్లో చదివాం, మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ రోజుల్లో ఊరు వెలేస్తే వంటమనుషులు రామన్నారట. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి, పెళ్లివారికి వండిపెట్టారు. ఆ ఇంట్లో నిలబడినప్పుడు ఆవిణ్ణి తలుచుకో. బిందె బరువు తెలిసినదానివి, నీకు వేరే చెప్పాలా?

మారిపోయిన వీధులు చూస్తే ఏడుపొస్తుందని భయపడుతున్నావా? వస్తే రానీ, ఊరు మనదైనప్పుడు ఏడవడానికి సిగ్గేమిటి? కాసేపు రేవులో కూర్చుని హేవలాక్ వంతెన చూడు. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు, అయినా అది గోదావరికి అడ్డంగా అలాగే నిలబడి ఉంది. మనసు కాస్త కుదుటపడుతుంది.

ఇక నా మాట విని ఇవి పాటించు. పొద్దున్నే బయల్దేరు, రాజమండ్రి ఎండతో పంతం వద్దు. ఎత్తు చెప్పులు ఇంట్లోనే వదిలెయ్యి. గ్యాలరీ ఆ రోజు తెరుస్తారో లేదో ముందే కనుక్కో, పండగపూట వెళ్లి తాళం చూసి రాకు. అమ్మ నడవలేకపోతే ఆటో మాట్లాడుకో, ఆవిడ చెప్పే కబుర్లు ఫోన్‌లో రికార్డు చెయ్యి.

అన్నట్టు, వదినని వదిలేసి వెళ్లకు. ఏ తుని నుంచో, ఏ భీమవరం నుంచో కోడలిగా వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ వంటింట్లోనే సరిపోయింది, ఆవిడకి ఈ ఊరు ఎవరు చూపించారు గనుక? ముందురోజు రాత్రే చెప్పు, "వదినా, రేపు పొద్దున వంట పెట్టుకోకు, టిఫిను బయటే చేద్దాం, మా ఊరు నేను చూపిస్తాను" అని.