తొట్టిలో వేసింది పాలలో తేలుతుందా?

వానాకాలం వరి కోతలు ముగిసి కొత్త గడ్డి వాములకెక్కే రోజులివి. గేదెలు ఎక్కువగా ఈనేదీ ఈ నెలల చుట్టూనే. ఈ అదను చూసుకునే పశువుల మందుల షాపుల్లో డబ్బాలు బారులు తీరతాయి: కాల్షియం ద్రావణాలు, లివర్ టానిక్కులు, ఫ్యాట్ పెంచే పౌడర్లు. వారం రోజులు ఒక పౌడర్ వాడాక పాల కేంద్రం చీటీలో ఫ్యాట్ 6.2 నుంచి 6.6కు ఎక్కితే, రైతు ఆ పుణ్యమంతా డబ్బాకే కట్టబెడతాడు.

అసలు సంగతి ఏమిటంటే, చలికాలంలో ఏ పౌడరూ వేయకపోయినా వెన్న శాతం కాస్త పెరుగుతుంది, ఎండలు ముదిరితే తగ్గుతుంది. ఈనిన తొలి రెండు నెలల్లో పాలెక్కువ, వెన్న తక్కువ. వట్టిపోయే రోజులు దగ్గరపడేకొద్దీ పాలు తగ్గి చిక్కబడతాయి. పితికే తీరు కూడా చీటీని మార్చేస్తుంది. తొలి ధారలు పలచగా ఉంటాయి, వెన్నంతా ఆఖరి ధారల్లోనే. ఆఖరున మిగిలినవి దూడకు వదిలేసి, ముందు పితికినవి కేంద్రానికి పోసే ఇంట్లో ఫ్యాట్ తక్కువ పడిందని మేతను తిట్టుకుని లాభం లేదు. తొలి ధారలు దూడకిచ్చి, చివరిదాకా పిండి చూస్తే తేడా ఆ పూటే కనిపిస్తుంది. ఏ పౌడరైనా పనిచేసిందా లేదా తేల్చుకోవాలంటే, దాదాపు ఒకే సమయంలో ఈనిన రెండు గేదెల్లో ఒకదానికి వేసి, రెండోదానికి మానేసి, పదిహేను రోజుల చీటీలు పక్కపక్కన పెట్టుకోవాలి.

పాలలో వెన్న తయారయ్యేది పీచు నుంచి. గడ్డి, చొప్ప పెద్దపొట్టలో పులిసినప్పుడు అక్కడి సూక్ష్మజీవులు ఎసిటిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పొదుగు వెన్న అల్లుకునే ముడిసరుకుల్లో ప్రధానమైనది అదే. పాలు పెరగాలని గడ్డి తగ్గించి నూకలు, మొక్కజొన్న పిండి దండిగా పెడితే పెద్దపొట్టలో ఆమ్లం పెరిగి నెమరు తగ్గుతుంది. పాలు నిలబడినా ఫ్యాట్ జారిపోతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో మిగిలిన అన్నం బకెట్లకొద్దీ గేదె ముందు పెట్టడం దీనికి పరాకాష్ఠ. ఆ ఆమ్లానికి పశువు ప్రాణమే పోయిన సందర్భాలు పశువైద్యులందరికీ తెలుసు. దాణా ఎక్కువ తినే పశువుకు రోజుకు 100 గ్రాముల వంటసోడా దాణాలో కలిపితే కొంత కాచుకుంటుంది. అయినా గడ్డిని మించిన మందు లేదని వేరే చెప్పక్కర్లేదు.

నూనె పోస్తే వెన్న వస్తుందనే నమ్మకం మరొకటి. మామూలు నూనె ఎక్కువైతే గడ్డిపోచకు పూత పట్టి, పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులను దెబ్బతీస్తుంది. పెట్టిన నూనెకు తోడు, ఉన్న వెన్నా పోతుంది. బైపాస్ ఫ్యాట్ పుట్టింది ఈ చిక్కులోంచే. కొవ్వు ఆమ్లాలను కాల్షియంతో కట్టేసిన పౌడర్ అది. పెద్దపొట్టలో కరగకుండా దాటుకుపోయి, ఆమ్లం గాఢంగా ఉండే నాలుగో గదిలో విడిపోయి, పేగుల్లో ఒంటబడుతుంది. ఈనిన తొలి మూడు నెలల్లో, తిన్నది చాలక చిక్కిపోయే ఎక్కువ పాల పశువుకు రోజుకు 100 నుంచి 200 గ్రాములు బాగా పనికొస్తుంది.

నాలుగు లీటర్ల గేదెకు ఇది దండగే. లెక్క కట్టి చూడవచ్చు. వెన్న కిలోకు 800 రూపాయలు వస్తున్నాయనుకుందాం. ఫ్యాట్ 0.1 పెరిగితే కిలో పాలకు దక్కేది 80 పైసలు. రోజుకు ఎనిమిది కిలోల పాలిచ్చే గేదెకు 0.3 పెరిగితే 19 రూపాయల చిల్లర. నాలుగు కిలోల గేదెకు అందులో సగమే. పౌడర్ ఖర్చు అంతకు మించిన రోజు నుంచీ రైతు కంపెనీ కోసం పితుకుతున్నట్టే.

లవణ మిశ్రమం కథ వేరు. దాని ప్రభావం చీటీలో కనపడదు కాబట్టే చాలామంది నెల వాడి మానేస్తారు. లీటరు ఆవుపాలలో దాదాపు 1.2 గ్రాములు, గేదెపాలలో 1.8 గ్రాముల వరకు కాల్షియం ఉంటుంది. తొట్టిలో కాల్షియం తగ్గినా పాలలో మాత్రం ఆ మోతాదు తగ్గదు. ఎముకల్లోంచి లాగి మరీ పాలకు పంపుతుంది పశువు. వరిగడ్డే ప్రధాన మేతైన మన ప్రాంతాల్లో ఈ లోటు మరింత లోతు. వరిగడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న కాస్త కాల్షియాన్నీ కట్టిపడేస్తాయి, ఫాస్ఫరస్ అందులో అసలే తక్కువ. పర్యవసానం పాలలో కాక ఎదలో బయటపడుతుంది. ఈని నాలుగు నెలలైనా గేదె ఎదకు రాదు, కట్టించినా చూడి నిలవదు. ఆలస్యమైన ప్రతి నెలా వట్టి మేపే.

పాలిచ్చే పశువుకు రోజుకు 50 నుంచి 100 గ్రాముల మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు చాలు. సంచి మీద ఐఎస్ 1664 ప్రమాణం ముద్ర ఉందో లేదో చూసి కొనాలి. కుడితిలో వేస్తే అడుగున పేరుకుని పారబోతలో పోతుంది. పొడి దాణాలోనో తడిపిన తవుడులోనో కలిపితే పూర్తిగా లోపలికి వెళుతుంది. లవణాలన్నీ కాల్షియంలాగే పాలలో కనిపించకుండా ఉంటాయనీ కాదు. మేతలో అయోడిన్, సెలీనియం పెరిగితే పాలలోనూ పెరుగుతాయి. పచ్చిమేత పుష్కలంగా తిన్న ఆవు పాలలో పసుపు ఛాయ కెరోటిన్ వల్లే. గేదె ఆ కెరోటిన్‌ను విటమిన్-ఎగా మార్చేసుకుంటుంది కనుక ఎంత పచ్చిక మేసినా దాని పాలు తెల్లగానే ఉంటాయి.

డబ్బాలకు పెట్టే డబ్బులో కొంత ఇప్పుడు గడ్డి మీద పెట్టడం మేలు. నాలుగు కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, 100 కిలోల ఎండు వరిగడ్డి మీద పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరబడకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. తీశాక ఘాటు వాసన పోయేదాకా ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం వద్దు.

ఈ కాలంలో కంట కనిపెట్టాల్సింది బూజు. పొగమంచుకు చెమ్మగిల్లిన వేరుశనగ చెక్క, పత్తి చెక్క, మొక్కజొన్నల్లో పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిని శోధించగా దొరికింది ఈ విషమే. బూజు దాణా తిన్న రోజు తిరక్కుండానే దాని ఆనవాలు పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. పాలలో ఇది కిలోకు 0.5 మైక్రోగ్రాములు మించకూడదని మన ఆహార భద్రతా ప్రమాణం. బూజు చెక్కను ఎండబెట్టి, దులిపి వాడేయడం కుదరదు. ఆ చెక్క ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు శుభ్రపడతాయి. సంచులను నేల మీద, గోడకు ఆనించి కాకుండా చెక్క బల్లల మీద పేర్చుకోవాలి.

ఇక చూడి పశువులు. ఈనడానికి మూడు వారాల ముందు కాల్షియం ద్రావణాలు తాగించడం మంచిదనుకుంటారు, అది తిరగబడుతుంది. తొట్టిలోంచి ధారాళంగా అందుతుంటే ఎముకల్లోంచి లాక్కునే అలవాటు తప్పుతుంది. ఈనాక జున్నుపాలకు ఒక్కసారిగా కాల్షియం కావాల్సి వచ్చేసరికి రక్తంలో పడిపోతుంది. అదే పాల జ్వరం. ఈ మూడు వారాలూ ద్రావణాలు ఆపి, ఈనిన రోజు నుంచి మొదలుపెట్టాలి. మూడో ఈత దాటిన మంచి పాల పశువుల మీద, ఈనిన మూడు రోజుల దాకా ఓ కన్నేసి ఉంచాలి. చెవులు చల్లబడి, మెడను డొక్కలోకి మడుచుకుని కూలబడితే ఆలస్యం చేయకుండా పశువైద్యుడిని పిలవాలి, లేదా 1962కు ఫోన్ చేసి సంచార వాహనాన్ని రప్పించాలి. ఈలోగా నోట్లో టానిక్ పోయకూడదు, మింగలేని పశువుకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గడ్డి మూటలు ఆనించి పశువును పక్కకు ఒరిగిపోకుండా కూర్చోబెట్టి ఉంచితే, వైద్యుడు వచ్చి నరంలోకి నెమ్మదిగా కాల్షియం ఎక్కిస్తాడు.