రక్తమా, ఇంటిపేరా?

రాజవంశాల కంప్యూటర్ ఆట తయారుచేసేవాడు ముందుగా తేల్చుకోవలసిందొకటుంది: బిడ్డకు రక్తంలో వచ్చేదేది, ఇంటిపేరుతో వచ్చేదేది? 2020లో వచ్చిన ‘క్రూసేడర్ కింగ్స్-3’ ఈ రెంటినీ విడదీసింది. తెలివి, అందం, బలం పుట్టుకతో వస్తాయి, అదీ పాచిక పడితేనే. వంశప్రతిష్ఠ మాత్రం రాజు పోయినా పోదు. మంచి రక్తం చెదరకూడదని సొంతవాళ్ళనే కలుపుకుంటూపోయి, నాలుగో తరంలో నేను దెబ్బతిన్నాను. స్పెయిన్‌లో జరిగిందీ అదే. రాజు రెండవ చార్లెస్ తల్లి, అతని తండ్రికి స్వయానా మేనకోడలు (మనకిది వింత కాదు లెండి!), అంతకుముందు తరాల్లోనూ అవే సంబంధాలు. 1700లో అతను సంతు లేకుండా పోతే, సింహాసనం కోసం 1701లో యుద్ధమే మొదలైంది.

నా పేచీ వేరు. ఆ ఆటలో ప్రతిష్ఠను ఖర్చుపెట్టి, మంచి లక్షణాలు దిగే అవకాశాన్ని పెంచుకోవచ్చు. గొప్పింట్లోనే తెలివి పుడుతుందన్నమాట! నేను రాసుకుంటున్న ఆటలో ఆ నియమం కొట్టేశాను.